తాళంచెవుల గుత్తి ఎవరి కొంగున?

మంచిర్యాల, పెద్దపల్లి, ఆసిఫాబాద్ ప్రాంతాల్లో పనిచేసే మహిళా కార్యకర్తలు కలిసిన చోటల్లా, అసలు చర్చ ముగిసి చాయ్ గ్లాసులు చేతికొచ్చే వేళకి, ఈ మధ్య ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. "పాస్‌వర్డ్‌లన్నీ ఒక్కచోట దాచిపెట్టే యాప్ వుందట గదా అక్కా, ఏది మంచిది? ఏడాదికింతని పైసలు కట్టమంటున్నరు, కట్టాల్నా?" ఈ ప్రశ్నని ఆఫీసులో కంప్యూటర్ చూసుకునే కుర్రాడి వైపు తోసేసి మనం లేచిపోతున్నాం. అది సాంకేతిక విషయమనీ, మన పని కాదనీ మన ఉద్దేశం. నా ఉద్దేశంలో ఇది అన్నిటికంటే ముందు హక్కుల విషయం. జవాబు మొదటే చెప్పేస్తాను. ఒక స్త్రీ తన సొంత అవసరానికి ఇందుకోసం ఒక్క పైసా కట్టనక్కర్లేదు. హింసకు గురైన స్త్రీల కాగితాలు దగ్గర పెట్టుకుని పనిచేసే సంస్థ మాత్రం కట్టాలి, కట్టలేమని తప్పించుకోకూడదు. అయితే ఈ రెండింటికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటి వుంది. ఆ గుత్తి ఎవరి చేతిలో వుంటుందన్నది.

మన ఇళ్ళల్లో తాళంచెవుల గుత్తి ఎన్నడూ కేవలం ఇనుప ముక్కల గుత్తి కాదు. అత్త కొంగున వున్నంతకాలం పెత్తనం అత్తది, కోడలి కొంగుకు మారిన రోజున కోడలిది. అందులోనూ పంపకం వుంది. బియ్యం గది చెవి ఆడదాని దగ్గర, బీరువా చెవి మగవాడి జేబులో. ఆ పంపకాన్ని తట్టుకోడానికే మన అమ్మలు పోపుల డబ్బాలో, బియ్యం కుండ అడుగున నాలుగు రూపాయలు దాచుకున్నారు. ఇప్పుడు బీరువా స్థానంలోకి ఫోను వచ్చింది. బ్యాంకు ఖాతా, పి.ఎఫ్., పింఛను, పిల్లల స్కాలర్‌షిప్, ఆధార్, భూమి కాగితం, అన్నిటికీ ఒక నంబరో రహస్యపదమో అడ్డం వుంది. పోపుల డబ్బాకి మాత్రం బదులుగా ఏమీ రాలేదు.

కోల్‌బెల్టులో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి, ఎక్కడికి వెళ్ళినా అప్పిచ్చిన వడ్డీ వ్యాపారి కార్మికుడి ఏటీఎం కార్డుని పిన్ నంబరుతో సహా దగ్గర పెట్టుకోవడం ఎరిగిన కథే. జీతం పడ్డ రోజున ముందు వ్యాపారి తీసుకుంటాడు, మిగిలింది కార్మికుడి చేతికి, అందులో మిగిలింది ఇంటికి. భార్యకు జీతమెంతో తెలియదు, అప్పెంతో తెలియదు. గోదావరి దాటి కరీంనగర్, జగిత్యాల వైపు వెళ్తే బీడీలు చుట్టే స్త్రీల పి.ఎఫ్. వ్యవహారం ఇంకో తీరు. 2014లో యు.ఎ.ఎన్. నంబర్లు వచ్చాక ఖాతా చూసుకోవాలన్నా, డబ్బు తీయాలన్నా ఆ నంబరూ, దానికో పాస్‌వర్డూ కావాలి. నంబరు కాగితం మీద రాసి స్త్రీ దగ్గరే వుంటుంది. పాస్‌వర్డ్ పెట్టింది ఇంటర్నెట్ దుకాణం అతను. "ఏం పాస్‌వర్డో ఏమో బిడ్డా, గాయనకే ఎరుక. పోయినప్పుడల్లా నూటయాభై తీసుకుంటడు" అనే మాట మనం వినని ఊరుందా? పొదుపు సంఘానికి లీడరుగా లక్షల రూపాయల అప్పుకి సంతకం పెట్టే మనిషి ఫోను కొడుకు జేబులో వుంటుంది. ఓటీపీ వచ్చేది ఆ జేబులోకే.

దీన్ని అజ్ఞానమనీ, చదువు లేకపోవడమనీ అనుకుంటే పొరపాటు. ఎం.ఏ. చదివి బడిలో పాఠాలు చెప్పే టీచరు జీతం ఖాతా పిన్ కూడా భర్తకి తెలుసు. భర్తది ఆమెకు తెలియదు. "నా దగ్గర దాపరికమేంది?" అనే ప్రశ్న ఎప్పుడూ ఒకవైపు నుంచే వస్తుంది. ప్రేమ వుంటే చెప్పాలి, చెప్పకపోతే ఏదో తప్పు చేస్తున్నట్టే. శీలపరీక్షకి ఈ కాలం పెట్టుకున్న కొత్త పేరు ఫోను తీసి చూపించడం.

చెప్పినందుకు నష్టం ఎవరిదో కూడా చూద్దాం. ఖాతాలోంచి మనకు తెలియకుండా డబ్బు పోతే ఖాతాదారు బాధ్యత ఎంతవరకు అన్నదాని మీద రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. తప్పు మూడోవాళ్ళదైతే, బ్యాంకు సమాచారం ఇచ్చిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు ఏ నష్టమూ వుండదు. ఖాతాదారే తన రహస్య వివరాలు ఇతరులకి చెప్పినందువల్ల డబ్బు పోతే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా ఖాతాదారు నెత్తినే. ఇంట్లో చెప్పమని బలవంతం, బయట చెప్పినందుకు శిక్ష.

ఇక వేలిముద్ర వుంటే ఈ బాధే లేదు గదా అనేవాళ్ళున్నారు. వాళ్ళకు మన పక్కనే పెద్దపల్లి జిల్లా ధర్మారంలో 2018లో బయటపడిన సంగతి గుర్తుచేయాలి. సిమ్‌కార్డుల వ్యాపారం చేసే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో వున్న భూమి దస్తావేజులు దింపుకుని, వాటి మీది వేలిముద్రలను రబ్బరు ముద్రలుగా చేయించి, ఇతరుల పేర్ల మీద వేలాది సిమ్‌కార్డులు తెరిచాడు. పాస్‌వర్డ్ దొంగతనం జరిగితే కొత్తది పెట్టుకుంటాం. వేలు మార్చుకోలేం. ఒకప్పుడు వేలిముద్రని వదిలించుకుని సంతకం నేర్చుకోవడమే మన అక్షరాస్యత ఉద్యమానికి గర్వకారణంగా వుండేది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఆ తరగతుల్లోంచే 1992లో సారా మీదికి నడిచారు. ఇప్పుడు యంత్రాలు మనల్ని మళ్ళీ వేలిముద్ర దగ్గరికి తీసుకొచ్చాయి. ఆ సంగతి మీద ఇంకో వ్యాసం రాయవలసి వుంది.

చట్టం ఏమంటోంది? మనకు బొత్తిగా ఆధారం లేకపోలేదు. సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణతో వచ్చిన 66సి సెక్షను ప్రకారం మరొకరి పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడుకోవడం మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడే నేరం. భర్తకి మినహాయింపు అని ఆ సెక్షనులో ఎక్కడా లేదు. స్త్రీ ఇంటర్నెట్‌నీ, ఈమెయిల్‌నీ నిఘా వేసి చూడడం 2013 నుంచి వెంటాడే నేరం కిందికి వస్తోంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను. గృహహింస చట్టం 2005లో ఆర్థిక హింసకి ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైంది. ఆమెకు హక్కుగా వుండే ఆర్థిక వనరుల్ని అందకుండా చేయడం అందులో వుంది. కార్డూ పిన్నూ లాక్కోవడం అదిగాక మరేమిటి? మనం నింపే గృహ ఘటన నివేదికల్లో "కొట్టాడు, తిట్టాడు, కట్నం అడిగాడు" అన్నవి వుంటాయి. "బ్యాంకు పాస్‌వర్డ్ మార్చేసి ఖాతా తన చేతిలో పెట్టుకున్నాడు" అన్నది రాసేవాళ్ళు అరుదు. రాయాలి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. ఆ హక్కు పెళ్ళి గడప దగ్గర ఆగిపోతుందా అన్నదే మన ప్రశ్న. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడే మాటల్ని భర్త దొంగతనంగా రికార్డు చేయడం చట్టవిరుద్ధమని, ఆ రికార్డులు నిజమైనవే అయినా సాక్ష్యంగా పనికిరావని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు 2008 నాటి లా రిపోర్టుల్లోనే వుంది. మన పొరుగున చత్తీస్‌గఢ్ హైకోర్టు 2025 జూలైలో ఇంకా సూటిగా చెప్పింది. ఫోను, బ్యాంకు పాస్‌వర్డ్‌లు చెప్పమని భార్యని భర్త బలవంతపెట్టకూడదు, అది గృహహింస కూడా కావచ్చు అని. కానీ అదే నెల 14న సుప్రీంకోర్టు మరో కేసులో, విడాకుల వ్యాజ్యంలో భార్యాభర్తల్లో ఒకరికి తెలియకుండా రెండోవారు రికార్డు చేసిన సంభాషణని సాక్ష్యంగా తీసుకోవచ్చని తీర్పిచ్చింది. కాపురం అంతదాకా వచ్చాక గోప్యత ఇంకెక్కడిదని కోర్టు తర్కం. ఎవరి ఫోను ఎవరి చేతిలో వుంటుందో, ఎవరు ఎవరిని రికార్డు చేయగలరో మనకు తెలుసు గనుక ఈ తీర్పు బరువు ఇద్దరి మీదా సమానంగా పడదని కూడా మనకు తెలుసు. ఏమైనా, కోర్టు తలుపు తట్టేలోగా మన తాళం మన దగ్గర వుండడం అవసరమైంది.

ఇప్పుడు యాప్‌ల సంగతి. పాస్‌వర్డ్ మేనేజర్ అంటే పేరుకి తగ్గట్టు తాళంచెవుల గుత్తే. ఒక పెట్టె, ఆ పెట్టెకి ఒకే పెద్ద పాస్‌వర్డ్. అది గుర్తుంటే చాలు, మిగతావన్నీ పెట్టెలో వుంటాయి. మంచి యాప్‌లలో మనం దాచింది మన ఫోనులోనే గుర్తుపట్టలేని రాతగా మారి, ఆ తర్వాతే కంపెనీ కంప్యూటర్‌కి వెళ్తుంది. కంపెనీవాళ్ళు కూడా చదవలేరు. అందువల్లే పెద్ద పాస్‌వర్డ్ మర్చిపోతే వాళ్ళు కూడా తెరిచి ఇవ్వలేరు. ఇది లోపం కాదు, అదే దాని బలం. ఎవరైనా "మర్చిపోయినా ఫరవాలేదు, మేం తీసిస్తాం" అంటే ఆ తాళానికి రెండో చెవి వాళ్ళ దగ్గర వుందని అర్థం.

ఆండ్రాయిడ్ ఫోనుతో పాటు గూగుల్ వాళ్ళ పెట్టె ఉచితంగానే వస్తుంది. మనలో చాలామంది తెలియకుండానే దాన్ని వాడుతున్నారు. ఫోను "సేవ్ చేయాలా?" అని అడిగినప్పుడల్లా సరే అన్నవన్నీ అందులోనే వున్నాయి. ఒంటరిగా వుండే స్త్రీకి, తన ఫోను తనదిగా వుండే స్త్రీకి అది చాలు, ఇంకేదీ వెతకనక్కర్లేదు. కానీ ఆ పెట్టె తెరుచుకునేది ఫోను లాక్‌తోనే. ఫోను లాక్ తెలిసినవాడికి లోపలి పాస్‌వర్డ్‌లన్నీ అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తాయి. ఫోను కొన్న రోజునే భర్త తన వేలిముద్ర కూడా అందులో పెట్టి వుంటే ఆ నంబరుతో కూడా పని లేదు. ఈ యాప్‌ల మంచిచెడ్డలు చెప్పేవాళ్ళు దొంగ ఎక్కడో రష్యాలోనో జామ్‌తారాలోనో కూర్చుని వున్నాడని అనుకుని రాస్తారు. మన దగ్గరికొచ్చే స్త్రీకి భయం పక్కగదిలో వుంది. ఈ ఒక్క తేడాని పట్టించుకోకపోతే వాళ్ళ సలహా మనకు చెరుపే చేస్తుంది.

అలాంటి స్త్రీకి ఫోను లాక్‌తో సంబంధం లేని, వేరే పెద్ద పాస్‌వర్డ్ వుండే యాప్ కావాలి. నేను రెండింటి పేర్లు చెబుతాను. 2016లో వచ్చిన బిట్‌వార్డెన్ ఒకటి. దాని ప్రోగ్రాం రాతనంతా బయటపెట్టారు గనుక తెలిసినవాళ్ళు ఎవరైనా తనిఖీ చేయవచ్చు. ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని ఫోన్లలోనైనా ఉచితం. రెండోది కీపాస్. 2003 నుంచి వుంది, పూర్తిగా ఉచితం, దాని వెనుక అమ్ముకునే కంపెనీయే లేదు. పెట్టె మన కంప్యూటర్‌లోనో ఫోనులోనో వుంటుంది, ఎవరి దగ్గరికీ పోదు. చిక్కేమిటంటే ఫోను పోతే పెట్టె కూడా పోతుంది. నకలు మనమే ఎక్కడో దాచుకోవాలి, ఆ క్రమశిక్షణ అందరికీ వుండదు. ఏది వాడినా వేలిముద్రతో తెరిచే సౌకర్యాన్ని ఆపేయాలి.

డబ్బు కడితే ఎక్కువ భద్రత దొరుకుతుందన్న భ్రమకి లాస్ట్‌పాస్ కథ సరైన జవాబు. ప్రపంచంలో పేరుమోసిన కంపెనీ. 2021 మార్చిలో ఉచితంగా వాడేవాళ్ళను కంప్యూటరో ఫోనో ఏదో ఒకటే ఎంచుకోమంది, రెండూ కావాలంటే డబ్బు కట్టమంది. ఆ మరుసటి ఏడాది 2022 ఆగస్టులో దొంగలు వాళ్ళ కంప్యూటర్‌లలోకి చొరబడ్డారు. కొన్ని నెలల్లోనే ఖాతాదారుల పెట్టెల నకళ్ళు కూడా ఎత్తుకుపోయారు. ఈ సంగతి కంపెనీ డిసెంబరు 22న గానీ బయటపెట్టలేదు. డబ్బు కట్టినవాళ్ళ పెట్టెలూ పోయాయి, కట్టనివాళ్ళవీ పోయాయి. పెద్ద పాస్‌వర్డ్ గట్టిగా వున్నవాళ్ళకి ధైర్యం మిగిలింది, పేరూ పుట్టినతేదీ పెట్టుకున్నవాళ్ళకి అదీ లేదు. ఇంకో విషయం కూడా వుంది, దాన్ని మగ విశ్లేషకులు పెద్దగా పట్టించుకోలేదు. ఆ పెట్టెల్లో పాస్‌వర్డ్‌లు రహస్య రాతలో వున్నా, ఏ వెబ్‌సైట్‌కి సంబంధించినవో ఆ చిరునామాలు మామూలు రాతలోనే వున్నాయి. ఒక స్త్రీ ఏ వకీలు సైట్‌కి, ఏ హెల్ప్‌లైన్‌కి, ఏ ఆస్పత్రికి వెళ్ళిందో తెలియడమే ఆమెకు ప్రమాదం కావచ్చు.

పెద్ద పాస్‌వర్డ్ ఎలా వుండాలి? సంబంధం లేని నాలుగైదు మాటలు వరసగా పెట్టుకోవడం అన్నిటికన్నా మంచిది. చింతచిగురు, రైలుపట్టాలు, గొంగడి, సద్దుల బతుకమ్మ, ఇలా మన మనసులోంచి వచ్చినవి. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే దొంగల నిఘంటువులకి అందడం ఇంకా కష్టం. పాటల్లోంచీ సామెతల్లోంచీ మాత్రం తీసుకోవద్దు. మూడు నెలలకోసారి మార్చాలన్న పాత నియమం కూడా వదిలేయవచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ 2017లోనే ఆ పద్ధతి వల్ల మేలు లేదని, ఊరికే మార్పించవద్దని చెప్పింది. మార్చమని వేధిస్తే జనం చివర 1 తీసి 2 పెడతారు, అంతే.

డబ్బు కడితే వచ్చేవి ఏమిటంటే ఆరంకెల కోడ్‌లు పుట్టించే వసతి, కాగితాల ఫొటోలు దాచుకునే జాగా, మనకేమైనా అయితే నమ్మకమైన మనిషి తెరవగలిగే ఏర్పాటు. బిట్‌వార్డెన్‌కి చాలా ఏళ్ళపాటు ఏడాదికి పది డాలర్లు. వన్‌పాస్‌వర్డ్ అనేది బాగుంటుందంటారు గానీ అందులో ఉచితమన్నదే లేదు, ఏడాదికి వేలల్లో అవుతుంది. నెలంతా బీడీలు చుట్టి సంపాదించే దాంట్లోంచి ఇందుకోసం తీసి కట్టమని చెప్పే నోరు నాకు లేదు, అవసరమూ లేదు. పైగా ఏటా విదేశీ కంపెనీకి కట్టాలంటే అంతర్జాతీయ లావాదేవీలు తెరిచిన కార్డు కావాలి. ఆ కార్డు భర్తదైతే ఏం కొన్నదీ ఆయన ఫోనుకి మెసేజ్ వస్తుంది. మూడో ఏర్పాటు ఒక్కటే కొంచెం ఆలోచించదగ్గది. దానికి బదులు పెద్ద పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి, కవరు అంటించి, పుట్టింటి దగ్గరో నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో పెట్టవచ్చు.

కాగితం అంటే నవ్వేవాళ్ళున్నారు. నవ్వనివ్వండి. చదువురాని, లేదా ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్న స్త్రీకి యాప్‌కంటే చిన్న నోటుబుక్కే మేలు, అది సరైన చోట వుంటే. పొరుగింటి వదిన దగ్గర, సంఘం పెట్టెలో, ఎక్కడైనా. మన తల్లులకి దాచడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

కాని ఏ యాప్ పెట్టినా, ఏ బుక్కులో రాసినా, సిమ్‌కార్డు ఎవరి పేరు మీద వుందో చూడకపోతే అంతా వృథా. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని ఒక్క మీట నొక్కితే ఓటీపీ వెళ్ళేది ఆ నంబరుకే. ఆ నంబరు భర్త పేరు మీద వుంటే డూప్లికేట్ సిమ్ తీసుకోవడం ఆయనకి అరగంట పని. ముందు ఆమె పేరు మీద సిమ్, తర్వాత ఆ నంబరుతో బ్యాంకు, ఆ తర్వాతే యాప్. ఇంకొకటి, ప్రమాదంలో వున్న స్త్రీ చేత తొందరపడి పాస్‌వర్డ్‌లు మార్పించకండి. మార్చిన నిమిషంలో ఆయన ఫోనులో వార్త మోగుతుంది. ఆ రాత్రి ఆమె ఎక్కడుంటుందో తేల్చుకున్నాకే ఆ పని. వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్న స్త్రీ అయితే వేరే ఫోనులో కొత్త ఈమెయిల్‌తో మొదలుపెట్టి, పాతవాటిని కదపకుండా వుంచడమే క్షేమం.

ఇక మన సంస్థల సంగతి. ఇక్కడ నేను కొంచెం కటువుగానే మాట్లాడతాను.

2024 మే నెలాఖరున తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్‌లోని సమాచారం అంగట్లోకి వచ్చింది. ఆపదలో వున్న స్త్రీ మీట నొక్కి పోలీసుల్ని పిలవడానికి, ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వమే వాడమని చెప్పిన యాప్ అది. ఫిర్యాదు చేసినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు 150 డాలర్లకి అమ్మకానికి పెట్టిన ఇరవయ్యేళ్ళ విద్యార్థిని జూన్‌లో ఢిల్లీ పక్కన అరెస్టు చేశారు. బలహీనమైన పాస్‌వర్డో, ఇతరుల చేతికి చిక్కిన పాస్‌వర్డో ఇందుకు కారణమై వుంటుందని ప్రాథమిక విచారణ తర్వాత పోలీసుశాఖే చెప్పింది. జనం నమ్మి ఇచ్చిన వివరాలకి కాపలా ఒక నాసిరకం పాస్‌వర్డ్!

పోలీసుల్ని మనం విమర్శించాం, విమర్శించవలసిందే. మరి మన బీరువా? కౌన్సెలింగ్ సెంటర్ ఈమెయిల్‌కి సంస్థ పేరు, చివర 123. అది గోడమీది క్యాలెండర్ వెనక రాసి వుంటుంది. మానేసి వెళ్ళిన నలుగురికి తెలుసు, ఆడిటర్ గుమస్తాకి తెలుసు, కంప్యూటర్ బాగుచేసే అతనికి తెలుసు. ఆ ఈమెయిల్‌లో ఏమున్నాయి? గృహ ఘటన నివేదికలు, దెబ్బల ఫొటోలు, మైనర్ బాలిక ఎక్కడ ఆశ్రయం పొందుతోందన్న చిరునామా, కులాంతర వివాహం చేసుకుని పారిపోయి వచ్చిన జంట ఫోన్ నంబరు. అది పొక్కితే పోయేది సంస్థ పరువు కాదు, మనుషుల ప్రాణాలు.

అందుకే ఇక్కడ డబ్బు కట్టాలంటున్నాను. ఇద్దరు మనుషులు కొన్ని పాస్‌వర్డ్‌లు పంచుకునేదాకా బిట్‌వార్డెన్‌లో ఉచితంగా జరిగిపోతుంది. ఇద్దరు దాటితే డబ్బు కట్టే పథకం తప్పదు. అందులో ఎవరికి ఏ పాస్‌వర్డ్ కనిపించాలో విడివిడిగా ఇవ్వవచ్చు. లెక్కలు చూసే ఆమెకి బ్యాంకు, కౌన్సెలర్‌కి కేసుల ఈమెయిల్, ఫీల్డు వర్కర్‌కి తన పనికి కావలసిందే. మనిషి మానేసిన రోజున ఒక్క మీటతో ఆమె పేరు తీసేయవచ్చు. ధరలు మారుతుంటాయి గానీ మనిషికి నెలకి మూడు నాలుగు వందల ప్రాంతం. ఐదుగురున్న సంస్థకి ఏడాదికి ఇరవై వేల చిల్లర. రెండు బ్యానర్లు, ఒక ఫంక్షన్ హాలు ఖర్చు.

"అంత డబ్బెక్కడిది? ఫండింగ్ సంస్థలు ఒప్పుకోవు" అంటారు. ఇందులో నిజం వుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా ఖర్చుల్ని యాభై శాతం నుంచి ఇరవై శాతానికి కోసేసింది. ఆ ఇరవైలో జీతాలకే చాలనప్పుడు యాప్‌కి ఎవరు రాస్తారు? అయితే కేసు కాగితాలకి తాళం వేయడం ఆఫీసు ఖర్చు కాదు, కేసు పనిలో భాగం. వకీలు ఫీజుతో సమానం. ప్రతిపాదన రాసేటప్పుడే ఆ పద్దు కింద రాసి వాదించాలి. విరాళమిచ్చేవాళ్ళు మన దగ్గర కుప్పలుగా వివరాలు అడుగుతారు, లబ్ధిదారుల ఫొటోలు, ఆధార్ నంబర్లతో సహా. వాటికి కాపలా ఖర్చు ఇవ్వమని అడిగే హక్కు మనకుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటిలో ముఖ్యమైనవి అప్పటి నుంచి పద్దెనిమిది నెలలకి అమల్లోకి వచ్చేలా పెట్టారు. కంప్యూటర్‌లో నలుగురి వివరాలు పెట్టుకున్న స్వచ్ఛంద సంస్థకి కూడా అది వర్తిస్తుంది. ఆ చట్టం మీద మనకు వేరే విమర్శలున్నాయి. సమాచార హక్కుని అది కుదించిన తీరు అందులో మొదటిది. అయినా మన దగ్గరికొచ్చిన స్త్రీ వివరాలు భద్రంగా వుంచడానికి మనకు చట్టం భయం అక్కర్లేదనుకుంటాను.

ఇంకో అభ్యంతరం నేను గౌరవించేది. అన్నీ ఒక విదేశీ కంపెనీ చేతిలో పెట్టడమేమిటి, మన స్వావలంబన ఏమైంది అని. అలా అనుకునే సంఘాలు కీపాస్ పెట్టెని ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టుకుని, నకలు పెన్‌డ్రైవ్‌లో బ్యాంకు లాకర్‌లో వుంచవచ్చు. ఒకే కంప్యూటర్ వున్న చిన్న సంఘానికి అది బాగానే పనిచేస్తుంది. మంచిర్యాలలో ఆఫీసూ, జన్నారంలో ఒకరూ, చెన్నూరులో ఒకరూ తిరుగుతూ పనిచేసే సంస్థకి అది కుదరదు.

ఇన్ని చెప్పాక మిగిలింది ఆ పెద్ద పాస్‌వర్డ్ సంస్థలో ఎవరి దగ్గర వుండాలన్నది. సెక్రటరీ ఒక్కరి దగ్గరే వుంటే కొత్త అత్తగారు తయారైనట్టే. మన సంస్థలు చీలిపోయినప్పుడు రిజిస్టర్లూ, బ్యాంకు సంతకాలూ పట్టుకుని ఎవరు కూర్చున్నారో, ఎన్ని కేసులు మధ్యలో ఆగిపోయాయో పాత కార్యకర్తలకి గుర్తుండే వుంటుంది. అందువల్ల పూర్తి అధికారం కనీసం ఇద్దరికి వుండాలి, వాళ్ళు ఒకే కుటుంబంవాళ్ళు కాకూడదు, ఒకరు కార్యవర్గం నుంచి, ఒకరు పనిచేసేవాళ్ళ నుంచి అయితే ఇంకా మంచిది. వాళ్ళ పేర్లు కార్యవర్గం మినిట్స్ బుక్కులో తీర్మానంగా రాయాలి. కార్యవర్గం మారిన రోజున బ్యాంకు సంతకాలతో పాటు ఇవీ మారాలి. మానేసిన కార్యకర్త పేరు తీసేయడం ఆమె మీద అనుమానంతో కాదని ఆమెకు ముందే చెప్పి, ఆమె సమక్షంలోనే తీయాలి. మార్చి లోపల ప్రతిపాదనలు రాసే సంస్థలు ఈ పద్దుని ఈసారే చేరుస్తాయనీ, విరాళమిచ్చేవాళ్ళు కొట్టేస్తే ఏ కారణం చెప్పి కొట్టేశారో ఈ పత్రికకి రాస్తాయనీ ఆశిస్తున్నాను.